పొట్ట కండరాల నొప్పికి ఫిజియోథెరపీ చేయించుకున్నాక నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, పని చేసింది. పొట్ట కండరం నొప్పితో, లేస్తే కూర్చుంటే నడుము ఆగని బలహీనతతో బాధపడేవాళ్లు ఫిజియోకి వెళ్లొచ్చా అని అడిగితే తప్పకుండా వెళ్లమనే అంటాను. కానీ ఫిజియోథెరపీ అని బోర్డు పెట్టిన ప్రతిచోటా ఒకే వైద్యం దొరకదు. నేను రెండు చోట్ల చూపించుకున్నాను, ఆ రెండింటికీ అసలు పోలికే లేదు, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను. పేర్లు రాయడం లేదు. పేర్లకంటే లోపల ఏం చేస్తారు, ఏం చేయాలి అన్నది తెలిస్తే మీకు దగ్గర్లో ఉన్న క్లినిక్ ఎలాంటిదో మీరే తేల్చుకోగలరు.

నా సమస్య ఇదీ. విడవకుండా పట్టిన దగ్గు, వారాల తరబడి. అది తగ్గుతుండగా బొడ్డుకి కుడిపక్కన కొంచెం పైన ఒకేచోట పట్టేసినట్టు నొప్పి మొదలైంది. మంచం మీంచి లేస్తే చురుక్కు, తుమ్మితే చురుక్కు, పక్కకి తిరిగి ఏదైనా అందుకోబోతే చురుక్కు. తిన్నా తినకపోయినా తేడా లేదు. ఇంట్లో అందరూ గ్యాస్ అన్నారు. డాక్టరు స్కానింగ్, రక్తపరీక్షలు చేయించారు, అన్నీ నార్మల్. రిపోర్టులు బాగున్నాయంటే సంతోషమే గానీ నొప్పి ఉన్నచోటే ఉంటే లోపల ఇంకేముందో అన్న టెన్షన్ పోదు.

ఆ టెన్షన్ పోగొట్టింది ఏ మెషీనూ కాదు, డాక్టరు చేసిన చిన్న పరీక్ష. వెల్లకిలా పడుకోబెట్టి, నొప్పి ఉన్నచోట వేలితో నొక్కి, వేలు తీయకుండానే తలా భుజాలూ పైకెత్తమన్నారు. ఎత్తీ ఎత్తగానే నొప్పి ఎక్కువైంది. దీన్ని కార్నెట్ పరీక్ష అంటారు, కార్నెట్ అనే అమెరికన్ సర్జన్ 1926లో రాశారు. తల ఎత్తితే పొట్ట కండరాలు బిగుసుకుంటాయి. నొప్పి లోపలి అవయవానిదైతే బిగుసుకున్న కండరం అడ్డుపడి వేలి ఒత్తిడి లోపలికి పోదు కాబట్టి నొప్పి తగ్గుతుంది. తగ్గకుండా అలాగే ఉన్నా, పెరిగినా అది చాలావరకు పొట్ట గోడదే. కడుపునొప్పి అనగానే లోపల పేగులు, పిత్తాశయం, కిడ్నీలు అని వెతుకుతారు గానీ ఈ పైగోడని పట్టించుకునేవాళ్లు తక్కువ. ఈ ఒక్క పరీక్ష చేయించుకోక ఏళ్లతరబడి గ్యాస్ మాత్రలు మింగుతున్నవాళ్లు ఉంటారని నా నమ్మకం.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. నొప్పితోపాటు జ్వరం, ఆగని వాంతులు, మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, పొట్ట ముట్టుకోనివ్వనంత గట్టిపడిపోవడం, బొడ్డు దగ్గరో గజ్జల్లోనో ఉబ్బు కనిపించడం, వీటిలో ఏ ఒక్కటున్నా ముందు డాక్టరు దగ్గరికే వెళ్లండి, ఫిజియో తర్వాత. మంచి ఫిజియో అయితే మొదటిరోజే ఇవన్నీ అడుగుతారు కూడా. అడగకపోతే అక్కడే మీకు కొంత అర్థమైపోవాలి.

మొదట వెళ్లినచోట అడగలేదు. డాక్టరు రాసిన చీటీ చూసి నేరుగా మంచం ఎక్కించారు. వేడి ప్యాక్ పెట్టారు, దాని తర్వాత ఐఎఫ్‌టీ అని నాలుగు కరెంటు ప్యాడ్లు, చివర్లో జెల్ రాసి అల్ట్రాసౌండ్ (స్కానింగ్ కాదు, ధ్వని తరంగాలతో చేసే వైద్యం). పడుకున్నంతసేపూ హాయిగానే ఉంటుంది, కాదనను, ఇంటికెళ్లాక కాసేపు నొప్పి కూడా తక్కువగా ఉండేది. సాయంత్రానికి మళ్లీ మామూలే. ఈ కరెంటు వైద్యాలు నొప్పిని కొన్ని గంటలపాటు మరిపిస్తాయేమో గానీ పనిచేయని కండరానికి పని నేర్పవు. అన్ని రోజుల్లో ఒక్కసారి కూడా నన్ను నిలబెట్టి చూసినవాళ్లు లేరు, ఊపిరి ఎలా తీస్తున్నానో గమనించినవాళ్లు లేరు. చివర్లో జిరాక్స్ కాగితం ఒకటి చేతిలో పెట్టారు, అందులో సిటప్స్, రెండు కాళ్లూ కలిపి ఎత్తడం ఉన్నాయి. దెబ్బతిన్న కండరాన్ని అన్నిటికంటే ఎక్కువ లాగేవి ఆ రెండే! పక్క మంచం మీద నడుంనొప్పితో ఉన్న పెద్దాయన చేతిలోనూ అదే కాగితం. దాంతో అక్కడ మానేశాను.

రెండో చోట మొదటిరోజు మెషీన్ దగ్గరికే తీసుకెళ్లలేదు. కూర్చోబెట్టి చాలాసేపు ప్రశ్నలు. ఎప్పుడు మొదలైంది, ఏం చేస్తే వస్తుంది, దగ్గు ఇంకా ఉందా, ఆపరేషన్లు ఏమైనా అయ్యాయా, కాన్పులు ఎలా జరిగాయి, మలబద్ధకం ఉందా, దగ్గితే మూత్రం చుక్క పడుతుందా, రోజంతా చేసే పని ఏంటి. ఆ తర్వాత కర్టెన్ వేసి, "పొట్ట మీద చెయ్యి పెట్టి చూడాలండీ, పర్వాలేదా? ఇబ్బందిగా ఉంటే వెంటనే చెప్పండి" అని అడిగాకే పరీక్ష మొదలుపెట్టారు అక్కడి ఫిజియో ఆవిడ. పొట్ట పరీక్షకి వెళ్లే ఆడవాళ్లకి ఈ ఒక్క మాట ఎంత ధైర్యమిస్తుందో చెప్పలేను. ఇది లేనిచోట ఎంత గొప్ప వైద్యమున్నా నేను సిఫార్సు చేయను.

తల కొద్దిగా ఎత్తమని బొడ్డుకి పైనా కిందా వేళ్లు అడ్డంగా పెట్టి పొట్ట కండరం రెండు సగాల మధ్యలో ఎడం ఎంతుందో చూశారు. ఒక్కో కాలు మోకాలు వంచకుండా జానెడు ఎత్తమన్నారు. కుడికాలు బరువుగా లేచింది. అప్పుడు ఆవిడ రెండు అరచేతులతో తుంటిని రెండువైపులా లోపలికి అదిమి పట్టుకుని మళ్లీ ఎత్తమన్నారు, అదే కాలు తేలిగ్గా లేచింది. "కాలికి బలం లేక కాదండీ, మధ్యలో పట్టు లేక" అన్నారు. బలహీనత ఎక్కడుందో కళ్లకి కట్టినట్టు తెలిసింది నాకు అప్పుడే.

కోర్ అంటే చాలామంది అనుకునే సిక్స్‌ప్యాక్ కాదు. సిక్స్‌ప్యాక్‌గా కనిపించేది రెక్టస్ అబ్డామినిస్, నిలువుగా ఉండే పై కండరం. దాని పక్కల్లో ఏటవాలుగా ఆబ్లిక్స్ రెండు పొరలు, వాటికింద అడ్డంగా నడుమంతా చుట్టుకుని ఉండేది ట్రాన్స్‌వర్సస్ అబ్డామినిస్. వెనక వెన్నుపూసల్ని అంటిపెట్టుకుని మల్టిఫిడస్. పైన ఊపిరి తీయడానికి వాడే డయాఫ్రమ్, అడుగున మూత్రాశయం లాంటివాటిని మోసే కండరాల పొర పెల్విక్ ఫ్లోర్. ఇవన్నీ కలిసి పనిచేస్తేనే బరువెత్తినా దగ్గినా లోపలి ఒత్తిడి సమంగా పంచుకుంటుంది, ఒకటి మానేస్తే ఆ భారం ఇంకోదాని మీద పడుతుంది. నా విషయంలో దగ్గంతా రెక్టస్ మోసింది, అడ్డ కండరం సాయానికి రాలేదు అని వివరించారు.

ఆ అడ్డ కండరాన్ని పట్టుకోవడం నేర్పిన తీరు నాకు అన్నిటికంటే నచ్చింది. మోకాళ్లు వంచి వెల్లకిలా పడుకోవాలి. తుంటి ఎముక ముందువైపు మొన చేతికి తగులుతుంది కదా, అక్కణ్ణుంచి ఒక అంగుళం లోపలికి, కాస్త కిందికి వేళ్ల కొసలు పెట్టుకోవాలి. ముందు దగ్గమన్నారు, వేళ్ల కింద కండరం బయటికి తన్నింది. "ఇది కాదండీ మనకి కావలసింది" అని, ఊపిరి నెమ్మదిగా వదులుతూ బొడ్డు కింది భాగాన్ని కొంచెమే, ఉన్న బలంలో పావు వంతే లోపలికి తీసుకోమన్నారు. ఈసారి వేళ్ల కింద మెత్తగా, లోతుగా బిగువు తెలిసింది. పక్కటెముకలు కదలకూడదు, పిరుదులు బిగించకూడదు, ఊపిరి ఆపకూడదు. చెబితే సులువుగా ఉంటుంది, చేస్తే రాదు, ఆవిడ చెయ్యి అక్కడ లేకపోతే నాకు వచ్చేదే కాదు. వీడియోలు చూసి ఇంట్లో చేసుకోవచ్చు కదా అనేవాళ్లకి నా సమాధానం ఇదే, వీడియో మీ పొట్ట మీద చెయ్యి పెట్టి తప్పో ఒప్పో చెప్పలేదు.

ఆపైన నడుం కింద చిన్న గాలి సంచి పెట్టారు, దానికి బీపీ మీటరుకి ఉన్నట్టే ముల్లు ఉన్న డయల్. గాలి కొట్టి 40 దగ్గర నిలబెట్టి, ముల్లు కదలకుండా ఒక్కో మడమని మంచం మీద జరపమన్నారు. ఎడమ మడమ జరిపితే ముల్లు నిలబడింది. కుడి మడమ కదపగానే ముల్లు ఊగిపోయి 30 దాకా పడింది. నడుము నాకు తెలియకుండానే ఎలా లేచిపోతోందో ఆ ముల్లు చూపించింది. ఆ తర్వాత వారం వారం అదే ముల్లు చూసుకుంటూ ఎక్కడిదాకా వచ్చామో లెక్క తెలిసేది, 'కొంచెం బాగున్నట్టుంది' లాంటి ఊహలు కాకుండా.

ఈ అడ్డ కండరం గొడవ ఎక్కడినుంచి వచ్చిందని అడిగితే ఆవిడే చెప్పారు. ఆస్ట్రేలియాలో హోడ్జెస్, రిచర్డ్‌సన్ అనే ఇద్దరు 1996లో ప్రచురించిన పరిశోధనలో, నడుంనొప్పి లేనివాళ్లు చెయ్యి ఎత్తబోతే చెయ్యి కదలకముందే ఈ కండరం బిగుస్తుందని, నొప్పి ఉన్నవాళ్లలో అది ఆలస్యమవుతుందని తేలింది. ఇక అప్పటినుంచీ అందరూ దానిమీదే పడ్డారు. కానీ దీర్ఘకాలిక నడుంనొప్పి మీద 2016లో వచ్చిన కోక్రేన్ సమీక్ష, అంటే చాలా పరిశోధనల్ని కలిపి చూసిన నివేదిక, ఇలా ప్రత్యేకంగా కండరాన్ని పట్టి చేసే వ్యాయామాలు మిగతా వ్యాయామాలకంటే పెద్దగా మెరుగేమీ కాదని తేల్చింది. "అందుకే దీంతో మొదలుపెడదాం, దీంతోనే ఆగిపోవద్దు" అన్నారు. తాను నేర్పే పద్ధతికి ఉన్న హద్దు తానే చెప్పే మనిషి మీద నాకు నమ్మకం కుదిరింది.

నిజంగానే ఆగలేదు. మడమ జరపడం వచ్చాక డెడ్ బగ్, అంటే వెల్లకిలా పడుకుని ఎదురు చెయ్యి, ఎదురు కాలు చాపడం. తర్వాత బర్డ్ డాగ్, చేతులూ మోకాళ్ల మీద ఉండి అదే పని. మోకాళ్ల మీద సైడ్ ప్లాంక్, అంటే పక్కకి తిరిగి మోచేయి, మోకాళ్ల ఆధారంగా నడుము పైకెత్తి ఉంచడం. సిటప్స్ బదులు ఒక మోకాలు వంచి, నడుం కింద చేతులు పెట్టుకుని తలా భుజాలూ కొంచెమే ఎత్తే కర్లప్. ఈ చివరి మూడూ కెనడాలో వెన్నెముక మీద పనిచేసిన స్టువర్ట్ మెక్‌గిల్ వల్ల పేరుపడ్డవి. ఒక్కోటి 10 సెకన్లకి మించి పట్టి ఉంచనివ్వరు, విడిచి మళ్లీ చేయాలి, అలసిపోయి ఆకారం చెడేదాకా లాగించడం వద్దంటారు. నిమిషాల తరబడి ప్లాంక్‌లో వణికిపోవడం గొప్ప అనుకునేవాళ్లు ఇది గమనించాలి. ఆ తర్వాత నిలబడి చేసేవి, కుర్చీలోంచి బరువుతో లేవడం, ఒక చేత్తో సంచీ పట్టుకుని పక్కకి ఒరగకుండా నడవడం, రబ్బరు బ్యాండు పక్కనుంచి లాగుతుంటే తిరిగిపోకుండా నిలబడటం. మనం బతికేది మంచం మీద పడుకుని కాదు కాబట్టి ఈ దశకి రాకుండా వైద్యం ముగించే చోట డబ్బు పెట్టడం దండగ అని నా అభిప్రాయం.

నొప్పి వస్తే చేయాలా ఆపాలా అన్నది అందరి సందేహం. సున్నా నుంచి పది లెక్కలో మూడు లోపు ఉంటే చేయొచ్చు, మర్నాటికి మామూలుకి వచ్చేయాలి. రాకపోతే మర్నాడు ఒక మెట్టు కిందికి దిగాలి. ఈ లెక్క చేతిలో ఉంటే భయపడి పడుకోవడమూ ఉండదు, పంతానికి పోయి చేయడమూ ఉండదు.

వ్యాయామాలకంటే ముందు నాకు ఉపశమనం ఇచ్చినవి మాత్రం రోజువారీ చిన్న చిన్న మార్పులే. మంచం మీంచి నిటారుగా లేవకుండా పక్కకి ఒత్తిగిలి, కాళ్లు కిందికి జార్చి, చేత్తో నెట్టుకుంటూ లేవడం. దగ్గు రాబోతుంటే దిండు పొట్టకి హత్తుకుని దగ్గడం. బరువెత్తేటప్పుడు ఊపిరి బిగబట్టకుండా, ఎత్తే క్షణంలో వదలడం. ఇంకోటి, పొట్ట కనిపించకూడదని రోజంతా లోపలికి లాగిపెట్టి ఉంచే అలవాటు చాలామందికి ఉంటుంది. అది కోర్ వ్యాయామం కాదు సరికదా, ఊపిరి పై ఛాతీలోనే ఆగిపోతుంది, పెల్విక్ ఫ్లోర్ మీద ఒత్తిడి పెరుగుతుంది. పొట్టని వదిలేయమని, పక్కటెముకలు పక్కలకి విచ్చుకునేలా ఊపిరి తీయమని ఆవిడ చెప్పినప్పుడు ఆ వదిలేయడానికే నాకు చాలా సమయం పట్టింది. బెల్టు పెట్టుకోవచ్చా అని అడిగాను. నొప్పి బాగా ఉన్న రోజుల్లో, పని ఎక్కువున్నప్పుడు కాసేపు సరే, రోజంతా వద్దన్నారు.

కాన్పు తర్వాత పొట్ట మధ్యలో ఎడం వచ్చినవాళ్లకి కూడా ఇదే చోట వైద్యం బాగుంది, మా చెల్లిని నేనే తీసుకెళ్లాను. డయాస్టాసిస్ అంటారు, రెక్టస్ రెండు సగాల మధ్య ఉండే లినియా ఆల్బా అనే పట్టీ సాగి పల్చబడటం. సుమారు 2 సెంటీమీటర్లు దాటితే ఎడం ఉన్నట్టు లెక్క. తను తల ఎత్తినప్పుడల్లా బొడ్డు మీదుగా నిలువునా గట్టులా లేచేది. ఎడం పూర్తిగా మూసుకుపోవాలన్న పట్టింపు వద్దమ్మా, వేలు పెట్టి నొక్కితే అడుగున గట్టిగా తగలాలి, గట్టు లేవకుండా పని చేసుకోగలగాలి, అదీ మనకి కావలసింది అని దానికి నిదానంగా చెప్పారు. ఇంటర్నెట్‌లో చదివి ఏడుస్తూ వెళ్లిన పిల్ల తేలికపడి వచ్చింది. గట్టు లేచే వ్యాయామమేదైనా ఆరోజుకి తేలిక చేసి ఇచ్చేవారు.

ఎన్నాళ్లు పడుతుందంటే అది దెబ్బని బట్టి ఉంటుంది. కండరం కొద్దిగా లాగితే రెండుమూడు వారాల్లో సర్దుకుంటుంది, పోగులు తెగితే నెలలు పట్టొచ్చు. బలం సంగతి వేరు. మొదటి వారాల్లో కనిపించే మెరుగంతా నరాలు కండరాన్ని సరిగ్గా పిలవడం నేర్చుకున్నందువల్ల, కండరం నిజంగా పెరగడానికి 6 నుంచి 8 వారాలు, ఇంకా ఎక్కువ కూడా పడుతుంది. నొప్పి తగ్గగానే మానేసేవాళ్లు సరిగ్గా ఈ మధ్యలోనే మానేస్తారు.

కొందరికి ఎన్ని వ్యాయామాలు చేసినా వేలి కొసంత చోట మంట, తిమ్మిరి పోదు. కింది పక్కటెముకల దగ్గర్నుంచి వచ్చే నరం రెక్టస్ అంచు దగ్గర ముందుకి పొడుచుకొచ్చేచోట నొక్కుకుపోయి ఉండొచ్చు. కార్నెట్ పరీక్ష దీనికీ పాజిటివే వస్తుంది. అలాంటివాళ్లకి ఆచోట మత్తు ఇంజెక్షన్ ఇచ్చి చూస్తారు డాక్టర్లు. కొన్ని వారాలకీ తేడా లేకపోతే డాక్టరు దగ్గరికి తిరిగి పంపిస్తానని మొదటిరోజే చెప్పారు ఆవిడ, సాగదీయకుండా.

బాగోలేనివీ ఉన్నాయి. అపాయింట్‌మెంట్ తీసుకున్నా కూర్చోబెడతారు, పొట్టనొప్పితో గట్టి కుర్చీలో ఎదురుచూడటం నరకం, అక్కడ వీపుకి ఆనుకునే కుర్చీలు నాలుగు వేయొచ్చు. మధ్యలో ఆవిడ సెలవు పెడితే ఇంకొకరు వచ్చారు, ఆయన మంచివాడే, కానీ నా ఫైలు చదవకుండా మొదట్నుంచి మొదలుపెట్టబోయారు. నేను చెబితే విన్నారు, అది మెచ్చుకోవాలి. ఇంటికిచ్చే కాగితంలో గీతల బొమ్మలు మాత్రం ఎవరికీ అర్థం కావు, ఏ కాలు చాపాలో ఏ చెయ్యి ఎత్తాలో తెలియదు. నేనైతే అడిగి నా ఫోన్లోనే నేను చేస్తుండగా వీడియో తీయించుకున్నాను, ఆవిడ గొంతు కూడా అందులో ఉంది, ఇప్పటికీ అదే పెట్టుకుని చేస్తున్నాను. మీరూ మొదటి వారంలోనే అడగండి, కాదనరు.

ఐదుకి నాలుగున్నర ఇస్తాను. ఆ సగం కాగితానికీ కుర్చీలకీ తగ్గించాను.